మామ తాగిన చిక్కటి నీళ్లు

కరోనా రెండో విడతలో మా మామను ఆస్పత్రి నుంచి, మగ్గాల పనికి వలస వచ్చి మేముంటున్న గోడాదరాలోని మా గదికి తెచ్చుకున్నాం. ఊపిరి కోసం గొట్టం వేసిన గొంతు ఇంకా మొద్దుబారి ఉంది. మెత్తటి అన్నం దిగేది గానీ, గుక్కెడు మంచినీళ్లకే పొలమారి కళ్లు తేలేసేవారు.

"నీళ్లు తొందరగా జారి ఊపిరితిత్తుల్లోకి పోతున్నాయి. మళ్లీ న్యుమోనియా వస్తే కష్టం. చిక్కగా చేసి ఇవ్వండి" అన్నారు డాక్టరు. అందుకు వాడే పొడి లాక్‌డౌన్‌లో దొరకలేదు. మక్కపిండి గంజి కాచి చల్లార్చమన్నారు.

పడుగు నూలుకు గంజి పెట్టి నేస్తూ మగ్గాల మీదే బతుకంతా గడిపిన మామ గిన్నెలోకి తొంగి చూశారు. "ఏంది బిడ్డా, నేను పడుగు లెక్క కనవడ్తున్ననా? గంజి వెడ్తున్నవ్!"

"మగ్గం మీదికైతే ఎక్కియ్య తియ్యి మామా. తాగుండ్రి."

సగం గిన్నె హాయిగా దిగింది. అడుగుకు వచ్చేసరికి మళ్లీ దగ్గు. మర్నాడూ అంతే. మామ గిన్నెలో మిగిలిన గంజిని చెంచాతో ఎత్తి చూస్తే నీళ్లలా జారిపోతోంది. కాచిన గిన్నెలోనిది మాత్రం చిక్కగానే ఉంది. ఎక్కువ కలిపానా అని మరో గిన్నెలో గిరగిరా తిప్పాను. కాస్త పలచబడ్డట్టే అయి, వదిలేయగానే మళ్లీ గట్టిపడింది. నేను బడి మెట్టు ఎక్కలేదు. మా నాయిన ఇంట్లోనే చదువు చెప్పి, తెలియనిది అడగడానికి సిగ్గుపడొద్దనేవాడు. కరీంనగర్‌లో ఫార్మసీ చదివే మా ఆడబిడ్డ కూతురికి ఫోన్ చేశాను.

"అత్తమ్మా, పారే దేనికైనా లోపల ఒక పట్టు ఉంటది. తేనెకు ఎక్కువ, నీళ్లకు తక్కువ. స్నిగ్ధత అంటరు. వేడికి తగ్గుతది, కొన్నిటికి కలిపితే తగ్గుతది. నువ్వు అండ్ల ఏమేస్తున్నవ్?"

"ఏమెయ్యలే. చెంచా ఒక్కటే."

"తాత నోట్లె వెట్టిన చెంచానేనా?"

అదే చెంచా, మళ్లీ అదే గిన్నెలోకి. దేవుడి నైవేద్యానికి ఎంగిలి గాలి కూడా సోకనివ్వని దాన్ని, నాకు ఇది మాత్రం తోచలేదు.

"ఉమ్మి గంజిని ఇరగ్గొడ్తది అత్తమ్మా" అని నవ్వింది.

నమ్మబుద్ధి కాక రెండు గిన్నెల్లో గంజి పోశాను. ఒకదాంట్లో మామ నోట్లో పెట్టిన చెంచా, ఇంకోదాంట్లో కడిగిన చెంచా తిప్పి పక్కన పెట్టాను. కాసేపటికి మొదటిది పలచగా పారింది. రెండోది ముద్దగా జారింది. మామ మంచం మీద నుంచే చూస్తున్నారు.

"గింత తాకత్ ఉన్నదా నా ఉమ్మిల? ఒంట్లెనే లేకపాయె!"

అప్పటి నుంచి గంజి అంతా ఒకేసారి ముందు పెట్టలేదు. చిన్న కప్పులో కొంచెం పోసి, అది అయ్యాకే కప్పూ చెంచా కడిగి మళ్లీ పోసేదాన్ని. ఆ రోజు మామ కాచినదంతా తాగారు. ఒక్కసారీ దగ్గలేదు. అడిగితే చెప్పే పిల్లనిచ్చినందుకు దేవుడికి దండం పెట్టుకుందామని లేచాను.

"ఏడికి వోతున్నవ్ బిడ్డా? ఇంకింత వొయ్యి" అన్నారు మామ.

ముందు గంజి కాచాను.