తొక్కు డబ్బాల తిరుగుబాటు

2022 వానాకాలం. కోదాడకు కొంచెం దూరంలో ఉన్న బాలికల గురుకులంలో నేను సోషల్ టీచర్‌ని. పిల్లలు అక్కడే ఉండి, అక్కడే తిని చదువుకునే సర్కారు బడి అది. మఠంపల్లి, పాలకీడు వైపు కూలి చేసుకునే ఇళ్ల పిల్లలే ఎక్కువ. సోషల్ అంటే బట్టీ సబ్జెక్టు అని లెక్కల టీచర్లకు ఒక చులకన. ఆ మాట వినపడినప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది.

ఆ వారం తొమ్మిదో తరగతికి అమెరికా కాలనీలు ఇంగ్లండు రాజు మీద ఎందుకు తిరగబడ్డాయో చెబుతున్నాను. కారణాల పాఠాన్ని మేం రెండుగా విడదీసి చెబుతాం. ఇమ్మీడియెట్ కాజ్ అంటే గొడవను అంటించిన చివరి సంగతి. రూట్ కాజ్ అంటే లోపల ఎప్పటినుంచో రగులుతున్నది. పిల్లలు మొదటిది గుర్తుపెట్టుకుని రెండోది మరిచిపోతారు. పెద్దవాళ్లూ అంతే.

ఆ పాఠంలో ఒక తిరకాసు ఉంది. యుద్ధాల ఖర్చు రాబట్టడానికి ఇంగ్లండు పన్నులు వేసింది, కాలనీల వాళ్లకు కోపం వచ్చింది. అంతవరకు సరే. కానీ తర్వాత టీ మీద పన్ను అలాగే ఉంచి, ఇంగ్లండు కంపెనీ అమ్మే టీ ధర తగ్గేలా చట్టం చేశారు. అయినా కాలనీల వాళ్లు బోస్టన్ రేవులో టీ పెట్టెలను నీళ్లపాలు చేశారు. చవకగా వస్తుంటే తాగక ఎందుకు పారేసినట్టు? ఆలోచించుకుని రమ్మని పిల్లలకు చెప్పాను.

మా బడికి నెలకో ఆదివారం తల్లిదండ్రులు వస్తారు. వచ్చే ప్రతి తల్లి చేతిలో తొక్కు డబ్బా ఉంటుంది. మామిడికాయ, చింతకాయ, పండుమిరప పచ్చళ్లు, ఎవరింటి కారం వారిది. పిల్లలు దాన్ని తమ ఇనప్పెట్టెలో బట్టల కింద దాచుకుని, తినేటప్పుడు పక్కవాళ్లకూ ఇంత పెడతారు. హాస్టల్ పప్పులోకి అది లేకపోతే ముద్ద దిగదు.

కొత్తగా వచ్చిన ప్రిన్సిపల్‌ది కోదాడే. మంచి మనిషి, కాకపోతే కంగారు మనిషి. బూజు పట్టిన తొక్కు తిని కొందరు పిల్లలకు వాంతులయ్యేసరికి ఆవిడ బెంబేలెత్తిపోయింది. పిల్లలు క్లాసుల్లో ఉన్నప్పుడు వార్డెన్‌తో పెట్టెలన్నీ తెరిపించి, డబ్బాలు తీయించి, స్టోర్‌రూంలో పెట్టి తాళం వేయించింది. దానికి బదులుగా మర్నాటి నుంచి రెండు కూరలు పెట్టమంది.

మర్నాడు మధ్యాహ్నం ఆలుగడ్డ వేపుడు, గుడ్డు కూర. పిల్లలు వచ్చి వరుసగా కూర్చున్నారు. వడ్డించడానికి వెళ్తే కంచాలు బోర్లించారు.

“రెండేసి కూరలు పెడుతుంటే ఇంకా ఏం కావాలండీ వీళ్లకి? మీ తిరుగుబాటు పాఠం ఎక్కినట్టుంది” అంది ప్రిన్సిపల్ నాతో. నేను నోరు తెరిచేలోపే, “ముందు కంచం బోర్లించింది స్వప్న అట. టీసీ ఇచ్చి పంపించేస్తాను” అంది.

టీసీ అంటే ఇక ఈ బడితో నీకు సంబంధం లేదని ఇచ్చే కాగితం. స్వప్న నా తొమ్మిదో తరగతి పిల్లే, ఊరు పాలకీడు. తండ్రి మిర్యాలగూడ రైస్ మిల్లులో హమాలీ, తల్లి కూలికి పోతుంది. చదువు మధ్యలో ఆ కాగితం చేతిలో పెడితే ఆ పిల్ల ఇంకో బడికి పోదు, తల్లి వెంట నాట్లకు పోతుంది.

కబురు అందుకుని తల్లి మర్నాడు పొద్దున్నే బస్సెక్కి వచ్చింది. ప్రిన్సిపల్ గదిలో చేతులు జోడించి నిలబడింది.

“మేడమ్మా, తొక్కు నేనే వాపస్ తీస్కపోత. ఇగ ఎన్నడూ తేను. పిల్లను మాత్రం ఎల్లగొట్టకండి.” బిడ్డ వైపు తిరిగి, “బువ్వ పెట్టేటోళ్ల మీదనే అలుగుతరానె?” అని వీపు మీద ఒకటి వేసింది. స్వప్న ఏడవలేదు, తల దించుకుని నిలబడింది.

నేను ఉండబట్టలేక అన్నాను. “మేడం, శిక్ష వేసే ముందు కారణం అడుగుదామండీ.”

“కారణం తెలిసిందే కదండీ, తొక్కు.”

నిజం చెప్పాలంటే నేనూ అదే అనుకున్నాను. అయినా అడిగాను. “స్వప్నా, కూరలు బాగలేవా?”

“మంచిగనే ఉన్నయ్ మేడం. వాసనకే ఆకలైంది.”

“మరి తొక్కు కోసమేనా ఇదంతా?”

“ఖరాబైన తొక్కు పారేస్తమంటే మేమే తెచ్చి ఇస్తుంటిమి మేడం. మేం లేనప్పుడు మా పెట్టెలు తీసిండ్రు. బట్టలన్నీ మంచాల మీద పారేసిండ్రు, లోపలి బట్టలు గూడ. గీడ మాదంటూ ఉన్న జాగ గా పెట్టె ఒక్కటే. మమ్మల్ని ఒక్కమాట అడిగితే ఏమైతుండె?”

తల్లి బిడ్డ చెయ్యి పట్టుకుంది. నాకు టీ సంగతి నాలుక చివరి దాకా వచ్చింది. కానీ ఆ పిల్ల చెప్పాక ఇంక నేను చెప్పేదేముంది?

“భయపడి చేశానమ్మా. మీలో ఎవరికన్నా ఏమన్నా అయితే మీ అమ్మలకి నేనేం చెప్పుకోను?” అంది ప్రిన్సిపల్.

“గదే మాట మాతోని అంటే సమజైతుండె మేడం.”

టీసీ మాట అక్కడితో ఆగిపోయింది. అంతేకాదు, ఆ మధ్యాహ్నం ఆవిడ భోజనాల దగ్గరికి వచ్చి, అడగకుండా పెట్టెలు తెరవడం తప్పేనని పిల్లలందరి ముందు చెప్పింది. ఆ కుర్చీలో కూర్చున్నవాళ్లు ఆ మాట అనడం నేనెప్పుడూ వినలేదు. ఆవిడ మీద నాకు గౌరవం పెరిగింది. డబ్బాలు పిల్లలకు తిరిగి ఇచ్చేశారు. ఆ రోజు నుంచి తరగతికి ఇద్దరు పిల్లలు, డబ్బా ఎవరిదో వాళ్లను పక్కన కూర్చోబెట్టుకుని తొక్కు బాగుందో లేదో చూడడం మొదలుపెట్టారు. స్వప్న చూసిన మొదటి వారమే తన ప్రాణ స్నేహితురాలి చింతకాయ తొక్కుకు బూజు కనపడింది. ఆ పిల్లే దాన్ని తీసుకెళ్లి పారేసింది, కాకపోతే స్వప్నతో సాయంత్రం దాకా మాట్లాడలేదు.

క్లాసులో నా ప్రశ్నకు జవాబు కూడా స్వప్నే చెప్పింది. “టీ అగ్గువైతే ఏంది మేడం, వాళ్లను అడగకుండనే పన్ను వేసిండ్రు గద.” అవునన్నాను. వాళ్లు రాజుకు విన్నపాలు పంపారనీ, ఆయన వాటిని పట్టించుకోలేదనీ చెప్పాను.

దసరా సెలవులు అయ్యాక ఒకరోజు నేను పాఠం చెబుతుంటే ప్రిన్సిపల్ వచ్చి గుమ్మంలో నిలబడింది. “పొద్దున స్టడీ అవర్ ఇంకాస్త ముందుకి జరుపుదామనుకుంటున్నాను. మీరేమంటారమ్మా?” అని అడిగింది. పిల్లలు గుసగుసలాడుకున్నారు. స్వప్న లేచింది.

“వద్దు మేడం. గప్పటికి నల్లా రాదు. స్నానాలు గాకుంటె క్లాసుల నిద్రొస్తది.”

అడగడం ఎవరైనా నేర్చుకుంటారు. కాదన్నప్పుడే కదా అసలు సంగతి బయటపడేది. ఆవిడ మొహం కొంచెం ఎర్రబడింది. అయినా, “సరే, పాత టైమే ఉంచుదాం” అని వెళ్లిపోయింది.

పిల్లలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. తాము వద్దంటే ఆగిన పెద్దమనిషిని వాళ్లు అంతకుముందు చూసి ఉండరు. ఇన్నేళ్లూ తిరుగుబాట్లకు కారణాలు పాయింట్లుగా రాయించాను. తిరుగుబాటు రాకుండా ఉండడానికి కారణం ఏమిటో ఆ రోజు గుమ్మంలో చూశాను. ఆ సంతోషంలో ఆ పూట నాకు పాఠం ముందుకు సాగలేదు.