పెంటయ్య వ్యాను గుట్ట ఎందుకు ఎక్కలేదు

కొన్ని అలవాట్లు రాజ్యాలను నిలబెట్టాయనీ, కొన్ని కూల్చాయనీ చరిత్రకారులు అంటారు. సిరిసిల్ల డ్రైవరు పెంటయ్య అలవాటు ఏ కోవలోకి వస్తుందో వాళ్లింకా తేల్చలేదు. బానెట్ ఎత్తే ముందు ఆయన ఇంజన్ బంద్ చేసేవాడు. ఎంత తొందరున్నా, వాన పడుతున్నా, ముందు తాళంచెవి తిప్పాల్సిందే, ఆ తర్వాతే బానెట్. ఈ ఆచారానికి మూలపురుషుడు జగిత్యాలలో ఆయనకు పని నేర్పిన ఉస్తాద్. తిరుగుతున్న ఫ్యాన్‌కు బొటనవేలు సమర్పించుకున్న ఆ మహానుభావుడు, మిగిలిన వేళ్లతో శిష్యుల చెంపల మీద ఆ సూత్రాన్ని ముద్రించి పంపాడు. పెంటయ్య కోపానికి దేవుడు కూడా అప్పుడప్పుడు తిట్లు తిన్నాడు గాని, ఉస్తాద్ మాటకు మాత్రం ఎన్నడూ ఎదురు లేదు.

అవి పగలు పోలీసులూ, చీకటి పడితే అడవిలోని అన్నలూ ఊళ్లను పంచుకున్న రోజులు. సిరిసిల్లలో సాంచాలు, అంటే మరమగ్గాలు, నడిపే జలపతి సేటు బొంబాయి వెళ్లి ఒక పాత ఫారిన్ వ్యాను కొని తెచ్చాడు. సాంచాల మీద నేసిన బట్టను మూటలు కట్టి కోరుట్ల, జగిత్యాల దుకాణాలకు చేర్చడం దాని పని. దానికి క్లచ్ లేదు. గేర్లు తనే మార్చుకుంటుంది. సేటుకు అది గొప్ప. ఎడమకాలికి పని లేకుండా పోయిన పెంటయ్యకు అది అవమానం.

పొద్దున బండి బాగానే నడిచేది. మేడిపల్లి దాటి గుట్ట ఎక్కేసరికి వేడెక్కి, ఇంజన్ మాత్రం గొంతు చించుకునేది, చక్రాలు కదిలేవి కావు. పెంటయ్య బండిని పక్కకు ఆపి, ఇంజన్ బంద్ చేసి, బానెట్ ఎత్తి, గేర్‌బాక్సు నూనె చూసే పుల్లను పీకేవాడు. తుడిచి, ముంచి, మళ్లీ పీకితే నూనె గీత దాకా నిండుగా ఉండేది. నూనె మీద అనుమానం తీరాక ఇక తిట్టడమే మిగిలేది. బండి చల్లబడే దాకా తిట్టి, మళ్లీ ఎక్కించేవాడు.

కోరుట్లలో మెకానిక్ సాయన్న కూడా ఆ ఉస్తాద్ శిష్యుడే. ఆయనా ఇంజన్ బంద్ చేశాకే పుల్ల పీకాడు.

"నూనె నిండుగున్నది. లోపల పట్టీలు అరిగినయ్‌రా. గేర్‌బాక్సు దించాలె."

సేటు ఒప్పుకోలేదు. "పట్టీలు గాదు, నీ కాలరిగింది. బొంబాయిల మంచిగ నడిచిన బండి నీ చేతికొచ్చినంకనే జారుతున్నదా?"

ఈ వివాదం సాంచాల షెడ్డులోనే ఉండి ఉంటే ఎవరి ప్రాణానికీ ముప్పు ఉండేది కాదు. కానీ గుట్ట కింద పోలీసుల చెక్‌పోస్టు ఉంది. గుట్ట మీద ఏముందో అందరికీ తెలుసు, ఎవరూ చెప్పరు.

"రోజు గాడనే ఎందుకాగుతున్నవ్‌రా? బానెట్ లేపి ఎవనికి సైగ చేస్తున్నవ్?" అని ఎస్సై ఒకనాడు అడిగాడు. జవాబు వినకముందే చెంప మీద కొట్టాడు.

ఆ వారమే గుట్ట మీద ఒకతను పొదల్లోంచి వచ్చి బీడీ అడిగాడు. అంటించుకుని, ఎంతో మర్యాదగా అన్నాడు. "అన్నా, నువ్విక్కడ ఆగినప్పుడల్లా నాలుగు దిక్కులు చూస్తున్నవట. చూసింది కింద ఎవలకు చెప్తున్నవ్? ఇగ ఇక్కడ ఆగకు."

చెంపదెబ్బ కన్నా ఆ మర్యాదే పెంటయ్యకు నిద్ర పట్టనివ్వలేదు.

"పని ఇడిసిపెట్టయ్యా," అంది భార్య దేవమ్మ, బీడీలు చుడుతూనే.

"ఇడిసిపెడితే ఎందుకు ఇడిసిపెట్టినవని ఇద్దరూ అడుగుతరే! ఆగితే తంతరు, ఆగకుంటే బండి పోదు. నా పానం ఆ గేర్‌బాక్సుల చిక్కింది!" కోపంతో విసిరిన చెంబు గోడకు తగిలి సొట్టపోయింది. దేవమ్మ దాన్ని తీసి, సొట్టను చూసి, నీళ్ల కుండ మీద పెట్టింది.

చెక్‌పోస్టు దగ్గర ప్రతి బండీ ఇంజన్ బంద్ చేయాలని రూలు. అలా మాటిమాటికీ ఆపి స్టార్టు చేయడంతో ఒక మధ్యాహ్నం బ్యాటరీ చచ్చిపోయింది. ఎస్సై కానిస్టేబుళ్లను నూకమన్నాడు.

"సారూ, గీ బండి నూకితే ఇంజన్ చాలు గాదు. గేర్లు దాని సొంతం," అన్నాడు పెంటయ్య.

"నాకే నేర్పుతున్నవా? నూకుండ్రి!"

ప్రభుత్వ బలగాలు చెమటలు కక్కుతూ మైలురాయి దాకా నూకాయి. బండి కిక్కురుమనలేదు. చివరికి అటుగా వచ్చిన ట్రాక్టరు బ్యాటరీ ఆదుకుంది. ఆయాసపడుతూ ఎస్సై ఆజ్ఞ జారీ చేశాడు. "గీ దరిద్రపు బండి ఇంజన్ ఇగ ఎన్నడు బంద్ పెట్టకు! పెడితే నిన్నే కట్టి గుంజిపిస్త!"

మర్నాడు గుట్ట మీద వ్యాను మళ్లీ అరిచి ఆగింది. పెంటయ్య చెయ్యి అలవాటుగా తాళంచెవి మీదికి పోయింది. ఆగిపోయింది. ఇక్కడ బంద్ చేస్తే మళ్లీ స్టార్టు కాకపోవచ్చు. ఆగవద్దని చెప్పినవాడు ఏ పొదలో ఉన్నాడో. పళ్లు కొరుకుతూ దిగి, జీవితంలో మొదటిసారి, నడుస్తున్న ఇంజన్ మీద బానెట్ ఎత్తాడు. ఉస్తాద్‌ను, సేటును, పోలీసులను, అన్నలను వరసపెట్టి తిడుతూ పుల్ల పీకాడు.

పుల్ల పొడిగా ఉంది. తుడిచి ముంచాడు. మళ్లీ పొడిగానే వచ్చింది.

తిట్లు ఆగిపోయాయి. ఇంజన్ ఆపితే గేర్‌బాక్సులో పైకి పోయిన నూనె అంతా కిందికి దిగి పుల్లను తడుపుతోంది. నడుస్తున్నప్పుడు అక్కడ తడపడానికే నూనె లేదు. రోజూ తను కొలిచింది దిగివచ్చిన ఆ నూనెనే. సీటు వెనక, బొంబాయి నుంచి బండితో వచ్చిన గేర్‌బాక్సు నూనె డబ్బా ఉంది. అంతవరకు దాని మూత తీసింది పోలీసులే. లోపల ఎర్రగా ఉండడం చూసి వాసన చూసి, పెంటయ్యను చాలాసేపు ఎండలో నిలబెట్టారు. పెంటయ్య ఆ నూనె పోశాడు. పుల్ల తడిసే దాకా పోశాడు. వ్యాను గుట్టెక్కింది.

సాయంత్రం తిరుగు దారిలో ఎస్సై లాఠీతో తలుపు మీద కొట్టాడు.

"ఏంరా, ఇయ్యాల గుట్ట మీద రోజు ఆగినంతసేపు ఆగలేదట. ఆగద్దని ఎవలు చెప్పిండ్రు?"

పెంటయ్యకు కడుపులోంచి లేచిన మాటలు చాలా ఉన్నాయి. అవన్నీ మింగాడు. ఇంజన్ మాత్రం నడుస్తూనే ఉంది.

"ఎవలు చెప్పలే సారూ. గేర్‌బాక్సుల నూనె తక్కువుండె."

నిజంగానే తక్కువుండింది. రెండు లీటర్లు.