ఆయన చెక్కిన ఇంకో ముఖం

పెళ్లయిన కొత్తలో మా ఆయన చెక్కిన ప్రతి బొమ్మలోనూ నేనే ఉండేదాన్ని. ఆయన సంగారెడ్డిలో డ్రాయింగ్ మాస్టరు. బడి నుంచి రాగానే వరండాలో చెక్కపలక ముందేసుకొని, ఉలితో గీతలు తీసి, నల్లసిరా పూసి కాగితం మీద అచ్చు వేసేవారు. బియ్యం చెరుగుతూ నేను, జడ విప్పుకొని నేను, నిద్రపోతూ నేను. "నీ మొగనికి ఇంకేం కనవడదా" అని ఎదురింటావిడ నవ్వేది. నాకు గర్వంగా ఉండేది.

డెబ్బైల మొదట్లో పటాన్‌చెరు వైపు ఒక ఫ్యాక్టరీ షెడ్డు కూలి కొందరు కూలీలు చనిపోయారు. ఆ తర్వాత నిద్రపట్టక, మాట పడిపోయి సంగారెడ్డి దవాఖానాకు వచ్చేవాళ్లు ఎక్కువయ్యారు. చేతికేదైనా పని దొరికితే తేరుకుంటారేమోనని అక్కడి డాక్టరు మా ఆయన్ని పిలిపించారు. అప్పటినుంచి ఆదివారం పొద్దున్నే ఆయన పలకలూ ఉలులూ సంచిలో వేసుకొని దవాఖానా వెనక గదికి వెళ్లేవారు. వాళ్లకు పని చూపించి, వాళ్ల మధ్యనే కూర్చొని తన బొమ్మ తాను చెక్కుకునేవారు.

ఇంటికొచ్చాక అన్నం ముందు ఆ ముచ్చట్లే. అందులోనూ కర్దనూర్ అనే ఊరి నుంచి వచ్చే ఒకామె ముచ్చటే ఎక్కువ. భర్త ఆ షెడ్డు కింద పోయాడట. అప్పటినుంచి నోరు విప్పలేదట. ఈ వారం పలక మీద ఒక తలుపు బొమ్మ చెక్కిందట, ఒక్క మాట కూడా అన్నదట. నేను తల ఊపుతూ వినేదాన్ని. ఇంకో గంటె పప్పు మాత్రం వేసేదాన్ని కాదు.

ఒకనాడు వరండా ఊడుస్తూ, పలక మీద కప్పిన గుడ్డ తీశాను. తల వంచుకున్న ఆడమనిషి. నేను కాదు.

మరుసటి ఆదివారం నేనూ వస్తానన్నాను. ఆయన సంతోషపడ్డారు. దాంతో నాకు ఇంకా మండింది. దవాఖానా గదిలో కర్దనూర్ ఆమెను చూడగానే, పలక మీది మనిషి ఈమేనని తెలిసింది. నేను అనుకున్నదానికంటే అందంగా ఉంది, నాకంటే చిన్నది. మా ఆయన ఆమె వంక పదేపదే ఏమీ చూడలేదు. కానీ ఆ గదిలో ఆయన ముఖం ఎంతో తేటగా ఉంది. ఇంట్లో ఆ ముఖం చూసి చాలా కాలమైంది.

కాసేపటికి ఆమె నా పక్కకు జరిగింది. "నువ్వు నాకు ఎర్కనే అక్కా" అంది మెల్లగా. "సారు మొదాలు నీ బొమ్మలే సూపెట్టిండు. నువ్వు పండుకున్న బొమ్మ సూసి, నాకు గూడ గట్ల నిద్రవట్టాలె అనుకొని ఉలి వట్టిన."

మంచి మాటే. నాకు మాత్రం, నా నిద్ర కూడా వీళ్లకు పంచేశారా అనిపించింది.

వానాకాలానికి ముందే ఆమె తేరుకొని కంది దగ్గర పుట్టింటికి వెళ్లిపోయింది. తల వంచుకున్న ఆమె బొమ్మ హైదరాబాదులో ప్రదర్శనకు వెళ్లింది. పట్టుచీర కట్టుకొని నేనూ వెళ్లాను. వచ్చినవాళ్లంతా దాని ముందే ఆగుతున్నారు. ఒక పెద్దాయన నా వైపు తిరిగి, "ఇది మీరేనా అమ్మా?" అని అడిగాడు.

"నేనే" అన్నాను.

మా ఆయన విన్నారు, కాదనలేదు. తిరుగు బస్సులో పటాన్‌చెరు దాటాక అడిగారు: "గట్ల ఎందుకన్నవ్?"

"నన్ను చెక్కక ఎన్నేండ్లయిందో యాదికున్నదా?"

ఆయన ఆలోచించారు. నిజంగానే గుర్తు లేదు. "రేపు కూసుంటవా?" అన్నారు. కూర్చోనన్నాను. ఆ వారమంతా కూర్చోలేదు. ఆదివారం ఆయన సంచి భుజాన వేసుకుంటుంటే వెళ్లి వరండాలో కూర్చున్నాను. ఆయన ఒకసారి గడియారం వైపు, ఒకసారి నా వైపు చూసి సంచి దించారు. ఆ పూట దవాఖానాకు ఆలస్యంగా వెళ్లారు.