పర్మిట్ కార్డు కోసం చదివిన అమెరికా

రంజాన్ పండుగ అయిన తర్వాత రెండో ఆదివారం, పొద్దున తొమ్మిది గంటల నలభై నిమిషాలకు, సౌదీలోని జుబైల్‌లో ఒక ప్లాంటు గేటు పక్కనున్న పోర్టా క్యాబిన్‌లో నన్ను ఇంగ్లీషులో ఐదు ప్రశ్నలు అడిగారు. గడియారం నా ఎదుటి గోడకే ఉంది కాబట్టి టైము బాగా గుర్తుంది. నాలుగింటికి సరిగ్గానే చెప్పాను. ఐదోది తప్పాను. ఆ ఐదోది నాకు పుట్టిన ఊరంత బాగా తెలిసిన సంగతి.

నేను స్కాఫోల్డింగ్ ఫోర్‌మన్‌ని. పైపులతో ఎత్తుగా మంచె కట్టిస్తాను. వెల్డర్లు, పెయింటర్లు దాని మీద నిలబడి పని చేసుకుంటారు. ప్లాంటులో ఏ పని మొదలుపెట్టాలన్నా పొద్దున్నే పర్మిట్ కాగితం తీసుకోవాలి. ఇన్నాళ్ళూ ఎవరో ఒకరు చదివి చెబితే నేను సంతకం పెట్టేవాణ్ణి, జరిగిపోయేది. కొత్తగా రూలు వచ్చింది. పర్మిట్ తీసుకునేవాడి దగ్గర కార్డు ఉండాలి, ఆ కార్డు కావాలంటే ఇంగ్లీషులో నోటి పరీక్ష. కార్డు లేని ఫోర్‌మన్‌కు ఇఖామా, అంటే ఈ దేశంలో ఉండనిచ్చే కాగితం, మళ్ళీ చేయించబోమని మా క్యాంపు బాసు మెస్సు తలుపుకు నోటీసు అంటించాడు. పరీక్ష నాటికి నా ఇఖామా ఇంకా నాలుగు నెలలుంది. అది అయిపోతే ఎగ్జిట్, ఇంటికి పంపేయడమే.

నాకు ఇంటికి పోవాలని లేదు. ఉన్నదున్నట్టు రాస్తున్నాను, ఎవరేమనుకున్నా సరే. మా ఊళ్ళో నా పనికి పేరు కూడా లేదు. ఇక్కడ నేను ఎక్కమంటే నలభై మంది ఎక్కుతారు, దిగమంటే దిగుతారు. అరవైకి రెండేళ్ళు తక్కువున్న మనిషిని నేను, ఇంకెక్కడా నా మాట అంత చెల్లదు.

తెలుగు అక్షరాలే నాకు నలభై మూడో ఏట వచ్చాయి. రాజమండ్రి వైపు వెల్డర్ ఒకడు, ఇనుము మీద గీతలు గీసే తెల్లటి సుద్దతో, పాత ప్లేటు మీద అ ఆ లు రాసి నా చేత దిద్దించాడు. ఇక ఇంగ్లీషు సంగతి. సామాను పేర్లన్నీ నాకు ఇంగ్లీషులోనే తెలుసు. క్లాంపు, కప్లర్, బేస్ ప్లేటు, హార్నెస్. వాక్యం మాత్రం ఒక్కటీ రాదు. పేరు ఇంగ్లీషులో, మిగతాది హిందీలో, అదీ చాలకపోతే చెయ్యి ఊపడం. ముప్పై ఏళ్ళు ఇట్లాగే గడిచాయి.

నోటీసు అంటించిన వారమే మా కంపెనీ క్వాలిటీ ఇంజనీరును కలిశాను. విజయవాడ మనిషి, నాకంటే ఇరవై ఏళ్ళు చిన్న. సారూ, నాకు ఇంగ్లీషు చెప్పుండ్రి అన్నాను. కాదనలేదు. ఆయన భార్య అమెరికాలో నర్సు. ఈయన వీసా కాగితాలు ఎన్నేళ్ళుగానో నడుస్తున్నాయి. అక్కడికి పోయాక ఎప్పుడో రాయాల్సిన పౌరసత్వ పరీక్షకు ఇక్కడే చదవడం మొదలుపెట్టాడు. ఆయన దగ్గరున్న ఇంగ్లీషు పుస్తకం అదొక్కటే. అన్నీ ప్రశ్నలు, పక్కన జవాబులు. మేము దానితోనే మొదలుపెట్టాం. శుక్రవారం భోజనాలయ్యాక మెస్సులో బల్లలు తుడిచేదాకా ఆగి కూర్చునేవాళ్ళం. తోడుగా ఆ రాజమండ్రి వెల్డర్ వచ్చేవాడు, చదవడానికి కాదు, నవ్వడానికి.

"పెద్దాయనా, సెనేట్‌లో ఎంతమంది?"

"నూరు మంది సారూ."

"ఇంగ్లీషులో చెప్పండి."

"దేర్ ఆర్ వన్ హండ్రెడ్ సెనేటర్స్."

"వంద మందుండి ఏం లాభవండీ," అనేవాడు వెల్డర్, "ఒక్కడికైనా వెల్డింగొచ్చా?"

"నువ్వు రాకు తమ్మీ క్లాసుకు."

"నేన్రాకపోతే మీకు చప్పట్లెవరు కొడతారండీ?"

ఒక్కో శుక్రవారం సారు ఫోనులో అమెరికా వార్తలు పెట్టేవాడు. నిదానంగా, నేర్చుకునేవాళ్ళ కోసం చదివే వార్తలు. ఒకసారి వాళ్ళ ప్రభుత్వం షట్‌డౌన్ అయిందని వచ్చింది. బడ్జెట్ తేలక ఉద్యోగులను ఇంటి దగ్గరే ఉండమన్నారని సారు విడమరిచి చెప్పాడు.

"అదేం షట్‌డౌనండీ బాబూ!" వెల్డర్ బల్ల మీద కొట్టాడు. "మనకి షట్‌డౌనంటే ప్లాంటాపి రిపేర్లు, పన్నెండు గంటల డ్యూటీ, శుక్రారం కూడా ఉండదు. ఆళ్ళకి సెలవా? రాసిపెట్టి పుట్టారండి."

నవ్వి నవ్వి సారుకు దగ్గు వచ్చింది. దగ్గు తగ్గాక వెల్డర్ ఇంకో మాట అన్నాడు. "సారండీ, పెద్దాయనకి పరీచ్చ ప్లాంటులో కదా. ఆ పర్మిట్ కాయితం తెచ్చి అది చదివించండి ముందు."

"భాష ఒకటే కదయ్యా. వాక్యం పట్టుబడితే ఏదైనా చెప్పేస్తారు," అన్నాడు సారు.

నేను కూడా సారు పక్షమే. "నువ్వు ఊకో తమ్మీ. పర్మిట్ సంగతి నాకెర్కలేదా? ముప్పై ఏండ్ల సంది గదే జేస్తున్న. గీ ముచ్చట మంచిగున్నది, చెప్పనియ్యి."

నిజంగానే నాకు అది నచ్చింది. ఒకరు చట్టం రాస్తారు, ప్రెసిడెంటు కాదనొచ్చు. ఆయన కాదన్నా, మూడింట రెండొంతుల మంది కావాలంటే మళ్ళీ అవుతుంది. ఇద్దరూ ఒప్పుకున్నా కోర్టు కొట్టేయొచ్చు. ఏ పైపూ ఒంటరిగా నిలబడకుండా ఇంకో పైపును పట్టుకునేట్టు, అంత పెద్ద దేశాన్ని మంచె కట్టినట్టు కట్టుకున్నారు. మా ఆవిడకు ఫోనులో చెప్పాను. నీ మోకాళ్ళ నొప్పి ఎట్లుంది అని అడిగింది. మూడు నెలల్లో నాకు ఎనభై దాకా జవాబులు వచ్చాయి. పూర్తి వాక్యాలు. పర్మిట్ కాగితాన్ని మాత్రం ఒక్కసారి కూడా బల్ల మీదికి తేలేదు.

పరీక్ష పెట్టింది ప్లాంటు సేఫ్టీ ఆఫీసరు. సౌదీ, ముప్పై ఏళ్ళుంటాయేమో, మర్యాద తెలిసినవాడు. నన్ను కూర్చోమని నీళ్ళ సీసా మూత తీసి ఇచ్చాడు. కంపెనీ తరఫున సాక్షిగా మా సారు నా పక్కనే కూర్చున్నాడు. సాక్షి నోరు తెరిస్తే పరీక్ష రద్దు. పేరు అడిగాడు, ఎన్నేళ్ళ నుంచి పని అని అడిగాడు, మంచెకు కట్టే పచ్చ ట్యాగు అంటే ఏమిటన్నాడు, ఎర్ర ట్యాగు అంటే ఏమిటన్నాడు. ఓకే, నో గో అంటూ రెండేసి మాటల్లో చెప్పాను. తల ఊపాడు. కానీ నాకు నామోషీగా ఉంది. మూడు నెలలు నేర్పిన సారు పక్కన కూర్చుని ఉంటే ఓకే, నో గో ఏమిటి?

ఐదో ప్రశ్న నిదానంగా, చేతులతో చూపిస్తూ అడిగాడు. పర్మిట్ మీద మేనేజరు సంతకం చేశాడు. మనుషులు పైన ఉన్నారు. గాలి బాగా పెరిగింది. మేనేజరు పని ఆపొద్దన్నాడు. నువ్వేం చేస్తావు? ప్రతి ముక్కా అర్థమైంది. అర్థం కాకపోవడం వల్ల తప్పానని ఎవరూ అనుకోవద్దు.

జవాబు చెప్పడానికి గాలి గురించి నా దగ్గర వాక్యం లేదు. దిగండి అనడానికి వాక్యం లేదు. సంతకం గురించి ఉంది. చట్టం గురించి ఉంది. ఉన్నవాటినే పేర్చుకుని, గొంతు సవరించుకుని, ఒక్క తడబాటు లేకుండా చెప్పాను.

"ద మేనేజర్ సైన్స్ ఇట్. ఇట్ ఈజ్ ద లా. ఎవ్రీవన్ మస్ట్ ఫాలో ద లా."

మేనేజరు సంతకం చేశాడు, అది చట్టం, చట్టాన్ని అందరూ పాటించాలి అని. నా జన్మలో నేను మాట్లాడిన మంచి ఇంగ్లీషు అదే.

ఆఫీసరు కలం ఆగిపోయింది. "ఆర్ యూ ష్యూర్?" అన్నాడు. అడిగినవాడు అనుమానంగా చూసినా జవాబు మార్చొద్దని సారు నేర్పాడు. "యెస్ సర్," అన్నాను. అప్పుడు సారు మొహం చూశాను. రెండు చేతులూ మోకాళ్ళ మీద బిగించి పట్టుకుని, నా వైపు చూడలేక నేల చూస్తున్నాడు.

పోయిన చలికాలం ఇదే ప్రశ్న నన్ను గాలి అడిగింది. ఇసుక లేచింది, మంచె ఊగుతోంది, కాగితం మీద సంతకం ఉంది, మేనేజరు రేడియోలో అరుస్తున్నాడు. పదకొండు మందిని దింపి, నిచ్చెనకు ఎర్ర ట్యాగు కట్టి, దాని ముందు కూర్చున్నాను. ఎవరినీ అడగలేదు. నా నోటికి ఇంగ్లీషు రాని రోజుల్లో నా చేతికి ఆ జవాబు వచ్చు.

లేచి నిలబడి హిందీలో అన్నాను. "నహీ సాబ్. సబ్‌కో నీచే ఉతారేగా. పహ్‌లే ఉతారేగా, బాద్ మే బాత్." ముందు అందరినీ కిందికి దింపుతాను, మాటలు తర్వాత అని.

"మాలూమ్," తెలుసు అన్నాడు ఆఫీసరు. "మాలూమ్, హాజీ. ఫారం ఇంగ్లీష్." పెద్దవాళ్ళను ఇక్కడ మర్యాదగా హాజీ అనే పిలుస్తారు. ఫారం నా వైపు తిప్పి చూపించాడు. అందులో నా వాక్యం అప్పటికే రాసి ఉంది. దాన్ని కొట్టేసే హక్కు తనకు లేదన్నాడు. మళ్ళీ పరీక్ష ఎప్పుడని మా సారు అప్పుడు నోరు తెరిచి అడిగాడు. ఆరు నెలల తర్వాత, అని చెప్పాడు ఫిలిపినో క్లర్కు, కంప్యూటరులో చూసి. నాలుగు నెలల ఇఖామా ఉన్నవాడికి ఆరు నెలల మాట.

తలుపు దగ్గర కుర్చీలో తన వంతు కోసం కూర్చున్న పఠాన్ ఫోర్‌మన్‌ను పిలిచారు. మేము మెట్ల మీద కూర్చుని బూట్లు కట్టుకునేలోపే అతని ఐదో జవాబు వినపడింది. "స్టాప్. ఆల్ డౌన్. కాల్ సేఫ్టీ." వాక్యం కాదు అది. చాలింది.

బయట ఎండలో సారు అన్నాడు, "తప్పు నాది పెద్దాయనా."

"సగం మీది సారూ," అన్నాను. ఓదార్చడం నాకు చేతకాదు. "సగం నాది. తమ్ముడు జెప్తనే ఉండె, ఇనకపోతిని."

"క్యాంపు బాసుతో మాట్లాడతాను."

"మాట్లాడుండ్రి."

మాట్లాడాడు. బాసు కూడా చెడ్డవాడేం కాదు. నువ్వు లేకపోతే నాకే నష్టం అన్నాడు, ఎగ్జిట్ జాబితాలో నా పేరు రాశాడు. ఇప్పుడు పొద్దున్నే పర్మిట్ తీసుకునేది పఠాన్. ఆ కాగితం నా చేతికి తెచ్చి, చూడు చాచా అంటాడు. నేను చూస్తాను. చదవలేను.

ఆ ఆదివారం ఆ క్యాబిన్‌లో జవాబు తెలియనివాడు ఒక్కడూ లేడు. ఉన్నది ఐదుగురం. ప్రశ్న అడిగిన సౌదీ ఆఫీసరు, కంప్యూటరు ముందు ఫిలిపినో క్లర్కు, తలుపు దగ్గర పఠాన్ ఫోర్‌మన్, నా పక్కన మా విజయవాడ సారు, నేను.