తెర సందులోంచి

ఆ వీధిలో ఆమెను అందరూ మిషనక్క అంటారు. భర్త పోయాక ముందు గదిలో కుట్టుమిషను వేసుకుని, బడి యూనిఫాంలు కుడుతూ కూతుర్ని తొమ్మిదో తరగతి దాకా లాక్కొచ్చింది. పెదాల మధ్య గుండుసూదులు పెట్టుకుని కూడా కబుర్లు చెప్పగల మనిషి. కొలతలకొచ్చిన పిల్లలు కడుపు లోపలికి లాక్కుంటే, "ఊపిరి వదులు తల్లీ, రేపు నువ్వు అన్నం తింటే ఆ గుండీలు నన్ను తిట్టుకుంటాయి" అని నవ్విస్తుంది.

మందుల షాపాయన కూతురికి ఆ కబుర్లంటే ప్రాణం. వెదురుబద్దలా పొడుగ్గా, సన్నగా ఉండే పిల్ల. మిషనక్క కూతురిదీ ఆ పిల్లదీ ఒకే బెంచీ. బడి తెరిచిన కొత్తలో సగం కుట్టిన చొక్కా తొడిగించి, చేతులు చాపి నిలబడమని ఒంటి చుట్టూ సూదులు పెట్టింది మిషనక్క. ఇద్దరూ పడీ పడీ నవ్వుకున్నారు.

నెల తిరక్కుండానే ఆ పిల్ల మళ్లీ వచ్చింది. "చేతులు పొడుగు చెయ్యాలి ఆంటీ."

చేసిచ్చింది. తర్వాత కాలరు పైకి జరపమంది. ఆ తర్వాత చొక్కా అంతా వదులు చెయ్యమంది.

"ఇంకా వదులు చేస్తే ఇందులో ఇద్దరు పడతారే! ఆ రెండోవాళ్లనీ తీసుకురా, కొలతలు తీస్తాను."

పిల్ల నవ్వలేదు. భుజాన ఉన్న సంచిలో ఫోను గుర్రుమంది. వీపు మీద చన్నీళ్లు పోసినట్టు ఆ పిల్ల ఒళ్లు జలదరించడం మిషనక్క వేళ్లకు తెలిసింది. ఫోను మళ్లీ గుర్రుమంది. మళ్లీ.

"చూసుకోమ్మా, ఇంటినుంచేమో."

"ఇంటినుంచి కాదాంటీ." గొంతులో జీవం లేదు.

అదే నిమిషంలో లోపలి గదిలో కూతురు కిసుక్కున నవ్వింది. ఆ నవ్వు ఎందుకో మిషనక్క చెవికి రుచించలేదు. పిల్లల గొడవలు పాలపొంగులే కదా అని సర్దిచెప్పుకుంది.

ఒక సాయంత్రం, లంగా అంచు మడిపించుకోవడానికొచ్చిన ఇంకో పిల్ల నవ్వాపుకుంటూ ఫోను చూపించింది. "ఆంటీ, ఇది మీ షాపే కదూ?"

సగం కుట్టిన చొక్కాలో చేతులు చాపి నిలబడ్డ మందుల షాపాయన కూతురు. తలకు గడ్డి అతికించారు, భుజం మీద కాకిని కూర్చోబెట్టారు. కింద 'మా క్లాసు దిష్టిబొమ్మ' అని రాశారు. మిషనక్క కళ్లు మాత్రం ఫొటో అంచు దగ్గరే ఆగిపోయాయి. అక్కడ మసగ్గా లోపలి గది గుమ్మానికి వేసిన నీలం తెర. ఇంటి లోపలి వైపు నుంచి, తెర సందులోంచి తీసిన ఫొటో అది. ఆ వైపు మసలే మనుషులు ఇద్దరే. అందులో ఒకరు తను.

లోపలికి వెళ్లి కూతురి ముందు నిలబడింది.

"నువ్వే తీశావా?"

"జోకమ్మా! అందరూ నవ్వారు."

"అదీ నవ్విందా?"

కూతురు నేల చూపులు చూసింది. "నేను పంపింది ఫొటో ఒక్కటే. గడ్డీ కాకీ నేను పెట్టలేదు. వద్దంటే నన్నూ ఏడిపిస్తారమ్మా."

"కొంపకు నిప్పంటించి, మంట నాది కాదంటావా? ఫోనిలా తే." గబగబా చెరిపెయ్యబోతున్న చేతిని ఒడిసిపట్టుకుంది. "చెరపకు. ఒక్క ముక్క కూడా చెరపకు."

క్లాసు పిల్లలు ఫోన్లలో పెట్టుకున్న గుంపులోని మాటలన్నీ మొదటినుంచీ చదువుతూ పోయింది. చివర్లో ఎవరో, 'నువ్వు లేకపోతే క్లాసు హాయిగా ఉంటుంది' అన్నారు. అన్నాళ్లూ పల్లెత్తు మాట అనని పిల్ల దానికి జవాబిచ్చింది. 'సరే.' అంతే.

"అది బడికి వస్తోందా?"

"వారం నుంచి రావట్లేదు," అంది కూతురు, సన్నగా.

మిషనక్క చెప్పులు కూడా వేసుకోకుండా మందుల షాపుకు పరుగెత్తింది. ఆయన నింపాదిగా మాత్రలు కత్తిరిస్తున్నాడు. "బడినుంచి వచ్చే వేళేగా చెల్లెమ్మా, ఎందుకంత కంగారు?"

"అది బడికే వెళ్లట్లేదు అన్నయ్యా!"

"రోజూ నేనే బాక్సు సర్ది పంపుతున్నానే!" కత్తెర ఆయన చేతిలోంచి జారింది.

తెరిచిన షాపు తెరిచినట్టే వదిలేసి ఇద్దరూ వెతికారు. బడి వెనక లేదు. పార్కులో లేదు. గ్రంథాలయానికి తాళం వేసి ఉంది. చీకటి పడుతుండగా బస్టాండులో, స్తంభం చాటు బల్ల మీద కనబడింది. ఒళ్లో మూత తియ్యని బాక్సు.

"ఎక్కడికెళ్దామనుకున్నావమ్మా?" అన్నాడు తండ్రి.

"తెలీదు." ఆ మాటకు ఆయన బల్ల మీద కూతురి పక్కనే కూలబడ్డాడు.

మిషనక్క ఆ పిల్ల కాళ్ల దగ్గర చతికిలబడింది. "ఆ ఫొటో నా ఇంట్లోంచే వచ్చింది తల్లీ. తీసింది నా కూతురు. సిగ్గుపడాల్సింది మేము, నువ్వు కాదు."

"ఎవరికీ చెప్పకండాంటీ. చెప్తే ఇంకా ఎక్కువ చేస్తారు."

"చెప్పకపోతే తగ్గిందా?"

అప్పటికి గానీ ఆ పిల్లకు ఏడుపు రాలేదు.

మర్నాడు నలుగురూ హెడ్మిస్ట్రెస్ గదిలో ఉన్నారు. ఆవిడ మొదట "పిల్లచేష్టలు లెండి" అంది. మిషనక్క ఫోను ఆవిడ ముందుకు జరిపింది. చదివాక ఆవిడ ఇంకోసారి ఆ మాట అనలేదు. కూతురు తన పేరూ, మిగతావాళ్ల పేర్లూ తనే చెప్పింది. అందరి తల్లిదండ్రులకూ కబురెళ్లింది, గుంపులోంచి ఫొటో తీసేయించారు. మందుల షాపాయన కూతురు వేరే సెక్షనులో, ఒక టీచరమ్మ కనుసన్నల్లో, మెల్లగా బడికి వెళ్లడం మొదలుపెట్టింది. కానీ ఆ ఫొటో ఇంకా ఎన్ని ఫోన్లలో ఉందో ఎవరూ చెప్పలేకపోయారు. గాలికెగిరిన ఊకను ఎవరు ఏరగలరు?

ఆ పిల్ల మళ్లీ మిషనక్క గడప తొక్కలేదు. అడిగిన తల్లులందరికీ మిషనక్క జరిగింది జరిగినట్టే చెప్పింది. కొందరు మెచ్చుకున్నారు. ఎక్కువమంది మాత్రం రావడం మానేశారు.

ఒక మధ్యాహ్నం బడినుంచి ముందే వచ్చిన కూతురు గుమ్మం పట్టుకుని నిలబడిపోయింది. మొహం పాలిపోయి ఉంది.

"అమ్మా, కొత్త గుంపు పెట్టారు. ఈసారి నేను."

మిషనక్క మిషను ఆపింది. పక్కనే పీట వేసి కూతుర్ని కూర్చోబెట్టుకుంది. ఏమీ చెరపలేదు, జవాబివ్వలేదు. ఇద్దరూ తలలు ఆనించి మొదటినుంచీ చదవసాగారు. వాళ్లు చదువుతుండగానే అడుగున కొత్త మాటలు వచ్చి పడుతూనే ఉన్నాయి.