పసుపంటిన పంతొమ్మిది గ్లాసులు

రత్నవ్వ గ్లాసులు కడుగుతోంది. బేసిన్‌లో సబ్బు నీళ్లు, పక్కన బకెట్‌లో మంచినీళ్లు. గ్లాసును సబ్బు నీళ్లలో ముంచగానే అంచు మీదున్న పసుప్పచ్చ వేలిముద్ర ఎర్రగా మారింది. పసుపుకు సబ్బు తగిలితే అంతే. బొటనవేలితో ఒక్కసారి రుద్ది, మంచినీళ్లలో జాడించి, గోనెపట్టా మీద బోర్లించింది. ఆ ముద్ర ఎవరిదో ఆమెకు తెలుసు. రైతులు బస్తాలు దించాక కుళాయి దగ్గర చేతులు కడుక్కుని చాయ్‌కి వస్తారు. పొద్దంతా పసుపు కొమ్ములు విరిచి చూసే వెంకటరాజం సేటుకు మాత్రం ఆ తీరిక ఉండదు.

ఆర్మూర్‌లో రత్నవ్వ చాయ్ బండి పెట్టి పద్నాలుగేళ్లయింది. భర్త ధర్మయ్య మస్కట్ పోయిన ఏడాది పెట్టింది. ఎవరూ నేర్పలేదు. మొదటి పది రోజుల్లో మూడుసార్లు పాలు విరిగి మోరీలో పారబోసింది. పచ్చి అల్లాన్ని పాలలో వెయ్యకూడదని, ముందు నీళ్లలో డికాక్షన్‌తో పాటు మరగనివ్వాలని అలా తెలుసుకుంది. ధర్మయ్య ఫోన్ చేసినప్పుడల్లా "ఇగ బండి బంద్ పెట్టు, నేను పంపుత గద" అంటాడు. "పంపు, వద్దన్ననా" అంటుంది. బండి మాత్రం నడుస్తూనే ఉంది.

ఆమె బండికి ఎదురుగానే వెంకటరాజం అడ్తి దుకాణం. రైతు తెచ్చిన పసుపును చూసి, కొనేవాళ్లకు అమ్మిపెట్టే పని ఆయనది. ఆ దుకాణంలో ఒక పద్ధతి ఉంది. ధర కుదిరాక సేటు, రైతు ఎదురెదురుగా కూర్చుని చాయ్ తాగాలి. అదయితేనే మాట ఖాయమైనట్టు. సేటు గ్లాసు ముట్టలేదంటే మనసులో ఇంకేదో ఉందని, రేపటికి మాట మారుస్తాడని అర్థం. వెంకటరాజం తండ్రి కాలం నుంచీ ఇదే నడుస్తోంది. సీజన్‌లో రోజుకు ఎందరు రైతులొస్తే ఆయనకు అన్ని చాయ్‌లు. ఒక్కోదాంట్లో రెండు చెంచాల చక్కెర. రత్నవ్వ చాయ్‌లో సగం ఆ దుకాణానికే పోతుంది. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా ఆ మూడు నెలలే ఆమె ఇంటికి ఏడాది తిండి.

2009 సీజన్‌లో వెంకటరాజం కడుపు తిరగబడింది. తిన్నా తినకపోయినా ఉబ్బరం. తేన్పు వస్తే రోడ్డవతల రత్నవ్వకు వినపడేది. రాత్రి నిద్ర లేదు, పగలు కోపం. గ్యాస్ గోలీలు శనగపప్పు నమిలినట్టు నమిలేవాడు.

అప్పుడే హైదరాబాద్ నుంచి ఆదివారం ఆదివారం ఒక డాక్టరమ్మ రావడం మొదలుపెట్టింది. పేరు స్నేహ. మందుల షాపు మీది గదిలో బోర్డు పెట్టింది: ఫంక్షనల్ మెడిసిన్, పేగుల ఆరోగ్యం, హార్మోన్లు, వయసు మీద పడ్డా హుషారు. మందు చీటీ రాయకుండా గంటసేపు ప్రశ్నలడిగే డాక్టర్‌ని ఆర్మూర్ అంతకుముందు చూడలేదు. ఎన్నింటికి పడుకుంటారు, ఎన్నింటికి లేస్తారు, పగలు ఎండలో ఎంతసేపుంటారు, దొడ్డికి ఎన్నిసార్లు పోతారు. వెంకటరాజం పోయొచ్చి దుకాణం ముందు నిలబడి అందరికీ వినిపించాడు.

"నా పెండ్లి సంబంధానికి గూడ ఇన్ని అడగలే రత్నవ్వా. గోలీ రాయుమంటే, గోలీ తర్వాత అంకుల్, గ్యాస్ ఎందుకొస్తుందో ముందు చూద్దాం అంటది. పేగులు, నిద్ర, హార్మోన్లు ఒకదాన్ని ఒకటి పట్టుకోనుంటయంట. ఏడు రోజులు ఏం తిన్ననో రాసుకొని రావాల్నంట."

"రాయి సేటు. రాసుడు నీకు కొత్తనా."

ఆయన వారమంతా రాసి ఆదివారం డాక్టరమ్మకు చూపించాడు. మర్నాడు ఆయన భార్య అంజమ్మ ఆ నోటుపుస్తకం చంకలో పెట్టుకుని బండి దగ్గరికి వచ్చింది. బెంచీ మీద కూర్చుని పుస్తకం తెరిచింది.

"ఇను రత్నవ్వా. పొద్దుగాల రెండు ఇడ్లీలు. పగటికి అన్నం, పప్పు, మజ్జిగ. రాత్రికి రెండు జొన్నరొట్టెలు. ఏడు రోజులు గిదే. దీక్షల ఉన్నోళ్లు గూడ గింత పద్ధతిగ తినరు. డాక్టరమ్మ చూసి, ఇట్ల తినేటోళ్లకు ఈ కడుపు రాదు, ఏదో దాస్తున్నరు అన్నది."

"గా పక్క గడిల ఏంది రాసిండు?"

అంజమ్మ అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది. "దొడ్డికి ఎట్ల పోయిండో రాయుమన్నది. మా ఆయన సరుకు చూసినట్టు చూసి రాసిండు. సోమవారం, తేమ ఎక్కువ. మంగళవారం, గట్టి కొమ్ము, నంబర్ వన్ రకం. బుధవారం సరుకు రాలే."

ఇద్దరూ నవ్వారు. అంజమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుని ఉన్నట్టుండి అడిగింది.

"ఇంట్ల ఏం తింటడో నాకు ఎర్కే. ఇక్కడ ఎన్ని చాయ్‌లు తాగుతడో నీకే ఎర్క. జర చెప్పు. మొన్న రాత్రి మంచం మీద కూసోని, నేనింక నాలుగు సీజన్లు చూస్తనో లేదో అన్నడు. నాకు భయం పట్టింది."

రత్నవ్వ స్టవ్ మంట తగ్గించింది. మళ్లీ పెంచింది. నిజం చెబితే డాక్టరమ్మ చాయ్ బంద్ చేయిస్తుంది. చాయ్ బంద్ అయితే ఆ దుకాణం గిరాకీ బంద్, ఆ గిరాకీ బంద్ అయితే బండి బంద్. మస్కట్‌లో ధర్మయ్య నవ్వుతాడు.

"నాకు యాదికి లేదమ్మా" అంది. అంజమ్మ పుస్తకం మూసి పోయింది.

ఆ మాట రత్నవ్వకు ఆ రోజంతా పంటికింద రాయిలా ఉంది. చాయ్ చెడిపోతే పారబోయడం ఆమెకు తెలుసు. నోటి నుంచి జారిన మాటను ఏ మోరీలో పారబోయాలో తెలియలేదు.

తర్వాతి ఆదివారం రత్నవ్వ సేటు తాగిన గ్లాసులను కడగలేదు. ఒక్కొక్కటే తెచ్చి పెద్ద పళ్లెంలో పెట్టింది. సాయంత్రం డాక్టరమ్మ గదిలో వెంకటరాజం, అంజమ్మ కూర్చుని ఉండగా ఆ పళ్లెం తీసుకుపోయి బల్ల మీద దించింది. పంతొమ్మిది గ్లాసులు. ప్రతి గ్లాసు అంచు మీద పసుప్పచ్చ బొటనవేలి ముద్ర.

"ఇయ్యాలటివి" అంది.

డాక్టరమ్మ గ్లాసుల వైపు, సేటు బొటనవేలి వైపు చూసింది. "అంకుల్, ఇవి పుస్తకంలో లేవే?"

"తిన్నది రాయుమన్నరు. చాయ్ తిండెట్లయితది? చాయ్ మాట కోసం తాగేది." ఆయన గొంతులో దొంగతనం లేదు. నిజంగానే తెలియదు. "బొంబాయి నుంచి సరుకు కొనే సేట్లు వస్తరు, వాళ్లను గూడ అడుగుండ్రి."

"ఒక్కోదాంట్లో చక్కెర?"

"రెండు చెంచాలు" అంది రత్నవ్వ.

అంజమ్మ వేళ్ల మీద లెక్కపెట్టి, మొగుడి వైపు చూసింది. "ముప్పై ఎనిమిది చెంచాలు. నేనింట్ల పాయసంల చక్కెర తగ్గిచ్చి ఏస్తున్న."

డాక్టరమ్మ నవ్వలేదు. ఖాళీ కడుపులో అంత చాయ్ పడితే మంట ఎలా రాజుకుంటుందో, సాయంత్రం తాగింది రాత్రి నిద్రను ఎలా తింటుందో, నిద్ర చెడితే ఆకలి, కోపం, చక్కెర అన్నీ ఎలా లైను తప్పుతాయో నిదానంగా చెప్పింది. రక్త పరీక్ష రాసింది. గోలీలు ఒక్కసారిగా మానొద్దని, మెల్లగా తగ్గిద్దామని చెప్పింది. పొద్దున టిఫిన్ తర్వాత ఒక చాయ్, పగలు అన్నం తర్వాత ఒకటి. అంతే.

దుకాణం దగ్గరికొచ్చాక వెంకటరాజం రత్నవ్వతో అన్నాడు. "నీ బండిని నువ్వే గుంజుకపోయి రోడ్డు మీద పడేసుకున్నవ్."

"ఎర్కే సేటు."

మంగళవారం కమ్మర్‌పల్లి నుంచి లచ్చన్న వచ్చాడు. ఇరవై బస్తాల పసుపు. ధర కుదిరింది. లచ్చన్న గ్లాసు అందుకున్నాడు. వెంకటరాజం ముట్టలేదు.

"తాగు సేటు."

"డాక్టర్ వద్దన్నది లచ్చన్నా."

లచ్చన్న గ్లాసు కింద పెట్టాడు. "నిన్నటిదాంక లేని డాక్టర్ నా బస్తాలు దిగంగనే వచ్చిందా?" దించిన బస్తాలను మళ్లీ ట్రాక్టర్‌కి ఎక్కించుకుని పక్క దుకాణం ముందు ఆపాడు. ఆ వారం మరో ఇద్దరు రైతులు అదే పని చేశారు. వెంకటరాజం తేన్పులు తగ్గాయి కానీ బేరాలు కూడా తగ్గాయి. రత్నవ్వ పాలు ప్రతి సాయంత్రం మిగిలిపోతున్నాయి. తోడు వేసిన పెరుగు చుట్టుపక్కల నాలుగిళ్లకు పంచింది.

మాటలతో అయ్యే పని కాదని ఆమెకు అర్థమైంది. చాయ్ కాకూడదు, చాయ్ లాగా కనపడాలి. ఆ రాత్రే ధనియాలు, జీలకర్ర, కాస్త శొంఠి వేయించి దంచి మరిగించింది. తాగి చూస్తే చారు. తాలింపు ఒక్కటే తక్కువ. మర్నాడు ధనియాలను ఇంకొంచెం ఎర్రగా వేయించింది. చేదు. పారబోసింది. మూడోరోజు ధనియాలను సన్న సెగ మీద వేయించి, మాడు వాసన రాకముందే దించింది. నీళ్లు సగమయ్యేదాకా మరిగించి వడగట్టి, దించాక గ్లాసుకు రెండు చెంచాల పాలు పోసింది. అచ్చం చాయ్ రంగు. చక్కెర లేదు, చాయ్‌పత్తి లేదు. ఆదివారం ఒక గ్లాసు డాక్టరమ్మకు ఇచ్చింది. ఆమె తాగి, ఏమేం వేశావో చెప్పమంది, విని, "ఇది తాగొచ్చు. అయినా రోజుకు పంతొమ్మిది వద్దు, గ్లాసులు చిన్నవి పెట్టు" అంది. రత్నవ్వ చిన్న గ్లాసులు కొన్నది.

సోమవారం లచ్చన్న మళ్లీ వచ్చాడు. పక్క దుకాణంలో తూకం నచ్చలేదట. చెప్పడానికి మొహం చెల్లక బస్తా మీది దారం పీకుతూ నిలబడ్డాడు. ధర కుదిరింది. రత్నవ్వ రెండు కెటిళ్లతో పోయింది. ఒకదాంట్లోంచి లచ్చన్నకు, రెండోదాంట్లోంచి సేటుకు పోసింది. వెంకటరాజం దర్జాగా గుటక వేశాడు. లచ్చన్న తన గ్లాసు పెదవుల దాకా తెచ్చి ఆపాడు. ముక్కు ఎగబీల్చాడు.

"సేటు గ్లాసు వాసన వేరున్నది."

"ఏం లేదు, తాగు" అన్నాడు సేటు.

"మంచిది నువ్వు తాగి, మాకు మామూలుది పోయిస్తున్నవా? రత్నవ్వా, నాకు గూడ గదే పొయ్యి."

"చక్కెర ఉండదన్నా."

"సేటుకు లేని చక్కెర నాకెందుకు?"

రత్నవ్వ పోసింది. లచ్చన్న తాగాడు. మొహం ముడుచుకుంది. సేటు చూస్తున్నాడని మొహాన్ని మళ్లీ సరి చేసుకున్నాడు. ఇంకో గుటక వేశాడు. కాసేపటికి పొట్ట లోపలి నుంచి పెద్ద తేన్పు ఒకటి వచ్చింది. ఆయన మొహం తేలికపడింది.

"మస్తున్నది. మా ఇంటామె శాంతవ్వకు గూడ కడుపుల ఉబ్బరమే. గిది ఎట్ల చేస్తవో చెప్పు."

"చెప్తే నా బండి ఎట్ల నడుస్తది?" అంది రత్నవ్వ.

నెల తిరిగేసరికి దుకాణంలో రైతులందరూ సేటు తాగేదే తాగుతామని పట్టుబట్టారు. మామూలు చాయ్ కెటిల్ బండి మీదే ఉండిపోయింది. వెంకటరాజం తొమ్మిదింటికే నిద్రపోతున్నాడని, గురక ఒక్కటి మాత్రం డాక్టరమ్మ వల్ల కూడా కాలేదని అంజమ్మ చెప్పింది. సీజన్ చివరి రోజు లచ్చన్న ఆఖరి పది బస్తాలు తెచ్చాడు. ధర కుదిరింది. వెంకటరాజం నోటుపుస్తకం తీసి, పెన్ను పట్టుకుని, రత్నవ్వ వైపు చూశాడు.

"దీన్ని తిండిల రాయాల్నా, వద్దా?"

"ముందుగాల తాగు సేటు. రాసుడు తర్వాత."

ఆమె ఒకే కెటిల్‌లోంచి రెండు చిన్న గ్లాసులు నింపింది. నురగ లేకుండా, అంచుకు వేలెడు తక్కువగా. ఒకటి లచ్చన్న చేతిలో పెట్టింది. రెండోది వెంకటరాజం అందుకున్నాడు. అంచు మీద పసుప్పచ్చ వేలిముద్ర పడింది.