సుగుణక్కకు ఎవరి ఉసురూ తగల్లేదు

నిన్న పొద్దున కంపెనీ బస్ ఎక్కుతుంటే ఫోన్ మోగింది. మౌనిక, మా అక్క కూతురు.

"మామా, అమ్మ పోయింది."

ఏ అమ్మ, ఎవరి అమ్మ అని అడిగాను. నిజంగానే అలా అడిగాను. మొన్న శుక్రవారమే మాట్లాడింది అక్క. పచ్చడి పంపిస్తా, ఎవరన్నా వస్తుంటే చెప్పు అంది.

బ్రెయిన్ స్ట్రోక్. సిరిసిల్లలో, సాంచాల షెడ్డులో, మరమగ్గాలకు నూలు కండెలు చుడుతూ చుడుతూ పక్కకు ఒరిగిందట. హాస్పిటల్‌కు పోయేలోపే అయిపోయింది. చాలా రోజులుగా బీపీ ఉంది. మందులు ఒకరోజు వేసుకుంటే రెండు రోజులు మరిచిపోయేది.

నేను షార్జాలో ఉన్నాను. లీవ్ దొరకలేదు. మా అక్కను చివరిసారి ఫోన్ స్క్రీన్‌లో చూశాను.

ఈ పోస్ట్ మన చుట్టాల కోసం, మన ఊరి వాళ్ల కోసం రాస్తున్నాను. నిన్న నోటితో చెప్పలేకపోయాను కాబట్టి రాస్తున్నాను.

మా ఊరు కోరుట్ల దగ్గర. అప్పుడు మౌనిక చిన్నపిల్ల. బావ సౌదీలో ఉండేవాడు. ఉన్నట్టుండి ఫోన్లు ఆగిపోయాయి. కంపెనీ నంబర్ ఎత్తరు. పంపిన ఏజెంట్ ఊళ్లోనే లేడు. అక్క బీడీలు చేస్తూ, ప్రతి రింగ్‌కూ ఉలిక్కిపడేది.

జగిత్యాల అవతల ఒక స్వామి ఉన్నాడు, తమలపాకు మీద కాటుక రాసి అంజనం వేస్తాడు, ఏ దేశంలో ఉన్న మనిషినైనా అందులో చూస్తాడు అన్నారు. అమ్మ ఏడ్చి ఏడ్చి అక్కను ఒప్పించింది. నేనూ వెళ్లాను. అప్పటికి నేను ఇంకా గల్ఫ్ ముఖం చూడలేదు.

అక్కడ అందరూ మా లాంటి వాళ్లే. భర్తల ఫోటోలు పట్టుకున్న ఆడవాళ్లు.

స్వామి ఆకులోకి చూసి, "మంచిగనే ఉన్నడు. ఇంకో ఆడిదాని మాయల పడ్డడు. పూజ చేయిస్తే పండుగకు ఇంటికొస్తడు" అన్నాడు.

అమ్మ చేతులు జోడించింది. అక్క మాత్రం లేవలేదు.

"గట్లనే మా తమ్ముణ్ణి గూడ జర చూడుండ్రి అయ్యా. రాజు. మస్కట్ పోయిండు. జాడ లేదు."

నేను ఆమె వెనక వరసలోనే కూర్చుని ఉన్నాను.

స్వామి చాలాసేపు చూశాడు. "చీకటి రూముల ఉన్నడు బిడ్డా. కాళ్లకు గొలుసులున్నయ్. ఏడుస్తున్నడు."

అక్క వెనక్కి తిరిగింది. "అరే రాజూ, లేశి నిలబడురా. నీ కాళ్లకు గొలుసులున్నయట."

లేచాను. ఒకరిద్దరు ఆడవాళ్లు కిసుక్కున నవ్వారు. మిగతావాళ్లకు కోపం వచ్చింది. స్వామి మీద కాదు, మా మీద. నమ్మకం లేనివాళ్లకు అంజనం పలకదని స్వామి అన్నాడు. మమ్మల్ని బయటికి పంపేశారు.

ఆటోలో అమ్మ తిడుతూనే ఉంది. అక్క ఒకటే మాట అంది.

"దేవుడున్నడో లేడో నాకు తెల్వదే అమ్మా. గని గాయనకు ఏం తెల్వదని మాత్రం తెలిసింది."

ఆ తర్వాత సౌదీ నుంచి ఎవరు లీవ్‌లో వచ్చినా అక్క వాళ్లింటికి వెళ్లేది. బావ ఫోటో చూపించి అడిగేది. చివరికి బుగ్గారం ఊళ్లో ఒకాయన గుర్తుపట్టాడు. సైట్‌లో ఎండకు పడిపోయాడట బావ. ఫోన్లు ఆగిన ఆ వారంలోనే చనిపోయాడు. పేరు తప్పు రాయడం వల్ల అన్నాళ్లూ మార్చురీలోనే ఉన్నాడు.

పెట్టె ఇంటికి వచ్చిన రోజు, దాని ముందే మా అమ్మ అరిచింది. "స్వామిని నవ్వులపాలు చేసినవ్. మొగణ్ణి మింగినవ్."

ఊరంతా అదే మాట.

అక్క నా దగ్గరికి వచ్చి మెల్లగా అడిగింది. "మనం ఆడికి పోయేనాటికే మీ బావ లేడురా. గా స్వామి సచ్చినోణ్ణి మంచిగున్నడన్నడు. ఎదురుంగ కూసున్న నిన్నేమో గొలుసులేసిన్రన్నడు. ఇంక తప్పు నాదెట్లయితదిరా?"

ఆ మాటలు పడలేకే పిల్లను తీసుకుని సిరిసిల్ల వెళ్లిపోయింది. అక్కడ కూడా, ఎవరి భర్త జాడ తెలియకపోయినా వాళ్లను వెంటబెట్టుకుని ఆఫీసుల చుట్టూ తిరిగేది. నాకు ఫోన్ చేసేది. "మీ క్యాంపుల అడుగురా, పక్క క్యాంపుల గూడ అడుగు."

దేవుడంటే ఆమెకు కోపం లేదు. బతుకమ్మను అందరికంటే ఎత్తుగా పేర్చేది.

అమ్మ కట్టిన తాయెత్తు ఇప్పటికీ నా చేతికి ఉంది. నమ్మను. విప్పాలంటే భయం. అక్క దాన్ని చూసి ఎప్పుడూ వెక్కిరించలేదు. "ధైర్యమనిపిస్తే ఉంచుకో. గని నీకేమన్న అయితే దాన్ని గాదు, మనుషుల్ని పిలువు" అంది.

ఇక నిన్నటి సంగతి.

వీడియో కాల్‌లో పెదనాన్న మాట వినిపించింది. "ఆనాడు స్వామిని అవమానం చేసింది. గా ఉసురే తగిలింది."

అక్క అక్కడే పడుకుని ఉంది.

మౌనిక ఫోన్ దగ్గరికి వచ్చింది. "మామా, ఆనాడు నువ్వు గాడనే ఉన్నవ్ గదా. నువ్వన్న చెప్పు."

నేనేమన్నానో తెలుసా? "ఇప్పుడెందుకు బిడ్డా. మనిషి పోయిన ఇంట్ల లొల్లి వద్దు."

ఆ పిల్ల నన్నే చూసింది. తర్వాత ఫోన్‌ను చాప మీద బోర్లా పెట్టింది. స్క్రీన్ అంతా నలుపు. మాటలు మాత్రం వినిపిస్తూనే ఉన్నాయి.

సిగ్గుగా ఉంది. రాత్రి రూమ్‌లో ఎవరికీ ముఖం చూపించలేకపోయాను.

పొద్దున మౌనికకు రెండుసార్లు చేశాను. ఎత్తలేదు. ఎత్తకపోవడమే న్యాయం.

పెదనాన్నా, మీరంటే గౌరవం ఉంది. కానీ మీరన్నది తప్పు. బావ మేం ఆ స్వామి దగ్గరికి పోకముందే చనిపోయాడు. అక్క బీపీతో పోయింది. దినాలకు వెళ్లేవాళ్లు దయచేసి ఆ పిల్ల ముందు ఆ మాట మళ్లీ ఎత్తకండి. ఎత్తితే నాకు ఫోన్ చేయండి. ఈసారి జవాబు చెప్తాను.

పోయిరా సుగుణక్కా.

పోయినవాళ్లకు శాంతి ఉంటుందో లేదో నాకు తెలియదు. నీ బిడ్డకు మాత్రం మనశ్శాంతి దొరకాలి.